జర్నల్ రెన్యూవల్‌లో వాడుక లెక్కలు పనికి రావాలంటే: యూనివర్సిటీ లైబ్రరీలో ఏ పని ముందు, ఏది తర్వాత

"మూడేళ్ల డౌన్‌లోడ్ లెక్కలు తీశాం, చార్టులు వేశాం, కమిటీ ముందు పెట్టాం. అందరూ బాగుందన్నారు. చివరికి పోయినేటి జాబితానే మళ్లీ రెన్యూ చేశారు. ఎక్కడ పొరపాటు జరిగింది?" లైబ్రేరియన్ల నుంచి ఏటా అక్టోబర్, నవంబర్ నెలల్లో వచ్చే ప్రశ్న ఇది.

చాలాసార్లు పొరపాటు లెక్కలో ఉండదు. లెక్క ఆలస్యంగా వచ్చి ఉంటుంది, లేదా సంతకం పెట్టే మనిషి దాకా చేరి ఉండదు. ఎంత వస్తే ఉంచాలి, ఎంత వస్తే తీసేయాలి అని ముందుగా ఎవరూ ఒప్పుకొని ఉండరు. అందుకే ఈ పని ఎక్సెల్ షీటుతో మొదలుకాదు, పాత మినిట్స్‌తో మొదలవుతుంది.

ముందు ఒక వడపోత

ప్రభుత్వ విశ్వవిద్యాలయమైతే మీ పని సగం తగ్గింది. 2024 నవంబర్ 25న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' (జర్నళ్లకు దేశం మొత్తానికీ కేంద్రమే చందా కట్టే పథకం) 2025 జనవరి 1న మొదలైంది. 2025, 2026, 2027 సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 పెద్ద ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 జర్నళ్లు ఇందులో ఉన్నాయి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ఉన్నత విద్యాసంస్థలు, కేంద్ర పరిశోధన సంస్థలు కలిపి 6,300కు పైగా దీని కిందికి వస్తాయి. నిర్వహణ గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్‌ది, ఇది యూజీసీ కింద లైబ్రరీల కోసం పనిచేసే కేంద్రం.

కాబట్టి మొదట మీ చందా జాబితాను ఆ జాబితాతో ఐఎస్‌ఎస్‌ఎన్ (ప్రతి జర్నల్‌కూ ఉండే గుర్తింపు సంఖ్య) ఆధారంగా సరిచూడండి. అక్కడ ఉన్నదానికి ఇక్కడ మళ్లీ డబ్బు కట్టడం ఇప్పటికీ జరుగుతున్న తప్పే. ఆ పథకంలో లేని జర్నళ్లు, డేటాబేస్‌లు, అచ్చు ప్రతులు మిగులుతాయి. కింది క్రమమంతా వాటికే. ప్రైవేటు విద్యాసంస్థ అయితే మాత్రం జాబితా మొత్తానికీ ఇదే క్రమం వాడండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- గత మూడు క్యాలెండర్ సంవత్సరాల కౌంటర్ నివేదికలు, నెలవారీగా: టీఆర్ జే1 (ఎన్నిసార్లు తెరిచారు), టీఆర్ జే2 (లైసెన్స్ లేక ఎన్ని వెనక్కి వెళ్లాయి), టీఆర్ జే4 (వ్యాసం అచ్చైన సంవత్సరం వారీగా వాడుక). (ఈ కౌంటర్ పుస్తకాలు ఇచ్చే కౌంటర్ కాదు, ఈ-వనరుల వాడుకను లెక్కించడానికి ప్రచురణకర్తలు పాటించే అంతర్జాతీయ ప్రమాణం. మీటింగ్‌లో ఈ పేరు వినగానే ఒకరైనా పొరబడతారు, మొదటి వాక్యంలోనే చెప్పేయండి.)
- అదే మూడేళ్ల ఇన్‌వాయిస్‌లు, బ్యాంకు డెబిట్ వివరాలు
- లైసెన్స్ ఒప్పందాలు. చూడాల్సినవి రెండే: రద్దు నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి, మానేశాక పాత సంచికలు మనకు ఉంటాయా
- శాఖల వారీగా అధ్యాపకులు, రీసెర్చ్ స్కాలర్ల సంఖ్య
- లైబ్రరీ కమిటీ గత మూడు సమావేశాల మినిట్స్, వాటికి సంబంధించిన నోట్ ఫైళ్లు
- క్యాంపస్ ఐపీ అడ్రసుల జాబితా, ప్రచురణకర్త దగ్గర నమోదైన జాబితా, రెండూ

ప్రచురణకర్తలు పది మంది లోపైతే నివేదికలను అడ్మిన్ పోర్టల్ నుంచి చేత్తో దించుకుంటే చాలు. అంతకన్నా ఎక్కువైతే సుషి (కౌంటర్ నివేదికలను సాఫ్ట్‌వేర్ తనంతట తాను తెచ్చుకునే పద్ధతి) ద్వారా తెప్పించుకోండి. దానికి రిక్వెస్టర్ ఐడీ, కొందరి దగ్గర ఏపీఐ కీ కూడా కావాలి. ఇవి ఎవరి సొంత మెయిల్‌లోనూ ఉండకూడదు, లైబ్రరీ పేరు మీదున్న మెయిల్‌కే రావాలి. ఈ-వనరులు చూసే అసిస్టెంట్ లైబ్రేరియన్ బదిలీ అయ్యారంటే పాస్‌వర్డులు ఆయనతోపాటే పోతాయి. తర్వాత ఆరు నెలలు లెక్కలు ఎవరికీ అందవు.

1. నిర్ణయాన్ని ఒక్క వాక్యంలో రాయండి

"వాడుకను విశ్లేషించాలి" అన్నది నిర్ణయం కాదు. "వచ్చే జనవరి నుంచి రసాయన శాస్త్రానికి సంబంధించిన 14 విడి జర్నళ్లలో ఏవి ఉంచాలి, ఏవి మానాలి" అన్నది నిర్ణయం. వాక్యంలో తేదీ, సంఖ్య, "ఉంచాలా, మానాలా" అన్న మాట లేకపోతే మళ్లీ రాయండి. అలాంటి వాక్యం రాయలేకపోతున్నారంటే ఆ డేటా పోగుచేసే పని ప్రస్తుతానికి ఆపేయొచ్చు.

2. నిజంగా నిర్ణయించేది ఎవరో కనిపెట్టండి

కాగితం మీద లైబ్రరీ కమిటీ. నిజం తెలియాలంటే పాత నోట్ ఫైళ్లు తిరగేయాలి. ప్రతి రెన్యూవల్ ఫైల్లో నాలుగు చూడండి: మొదట అడిగింది ఎవరు, ఆపింది ఎవరు, చివరి సంతకం ఎవరిది, ఎక్కడైనా వాడుక సంఖ్య కనిపించిందా. మూడేళ్ల ఫైళ్లు చూస్తే ఒక పూట పడుతుంది, అంతే.

ఫైనాన్స్ విభాగం అడ్డుపడిన చోటల్లా వారి ప్రశ్న ధర గురించి ఉంటుంది: పోయినేటి కన్నా ఎందుకు పెరిగింది? వారికి డౌన్‌లోడ్ల చార్టు అక్కర్లేదు. గత మూడేళ్ల ధర, మారకం రేటు, పెరిగిన శాతం ఒకే వరుసలో కావాలి. శాఖాధిపతి (హెచ్‌ఓడీ) భయం వేరు. "మా శాఖ నుంచి తీసేస్తే ఆ డబ్బు పక్క శాఖకు పోతుంది" అన్నదే ఆయన మనసులో మాట. మానేసిన జర్నల్ తాలూకు డబ్బు ఆ శాఖకే ఒక ఏడాది పాటు ఉంటుందని కమిటీ ముందే ఒప్పుకుంటే ఆ భయం సగం తీరిపోతుంది. ఈ ఒక్క షరతు చేసే మేలు మంచి చార్టులు చేయలేవు.

లైబ్రరీ లోపల కూడా చూడాలి. లెక్క రాసే సిబ్బందికి అది తమ పనితీరుకు కొలత అవుతుందన్న అనుమానం వస్తే అంకెలు గుండ్రంగా రావడం మొదలవుతుంది: 50, 100, 150. రిజిస్టర్లో అలా కనిపిస్తే మనుషుల్ని నిలదీయకండి. ఈ లెక్క వస్తువులకే గానీ మనుషులకు కాదని లిఖితపూర్వకంగా చెప్పండి.

3. తేదీలను వెనక నుంచి లెక్కపెట్టండి

జర్నల్ చందా జనవరి నుంచి డిసెంబర్. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. మన దగ్గర లెక్కలు వృథా అయ్యేది ఎక్కువగా ఈ రెండింటి మధ్యే.

ఒప్పందంలో 60 రోజుల నోటీసు ఉందనుకుందాం. డిసెంబర్ 31కి ముగిసే చందాను మానాలంటే నవంబర్ 1 లోపు లేఖ వెళ్లాలి. అంటే:

- ఆగస్టు మొదటి వారం: గత మూడేళ్ల నివేదికలు, ఈ ఏడాది జనవరి నుంచి జూన్ వరకు నివేదికలు దించుకోవాలి
- ఆగస్టు చివర: శాఖలకు పంపాలి
- సెప్టెంబర్ మూడో వారం: కమిటీ
- అక్టోబర్: ఫైనాన్స్, రిజిస్ట్రార్ సంతకాలు

దసరా సెలవులు ఈ మధ్యలోనే వస్తాయి. పది రోజులు అదనంగా వేసుకోండి. కమిటీ ఏటా నవంబర్‌లోనే కూర్చునే అలవాటు మీ దగ్గర ఉంటే సెప్టెంబర్‌కు జరపమని అడగండి. కుదరకపోతే సభ్యులకు ఫైల్ తిప్పి ఆమోదం తీసుకునే పద్ధతి ఉందేమో చూడండి. నోటీసు గడువు దాటాక ఎంత మంచి విశ్లేషణ అయినా వచ్చే ఏడాదికే.

4. అంకెలు చూడకముందే నియమం రాయించండి

ఈ అంచె దాటేస్తే మిగతా పనికి బలం ఉండదు. సంఖ్యలు బయటికొచ్చాక నియమం పెడితే ప్రతి హద్దూ ఎవరో ఒకరి జర్నల్‌ను కాపాడటానికో, తీసేయడానికో పెట్టినట్టే కనిపిస్తుంది.

నియమంలో మూడు ముక్కలుంటే చాలు. ఒకటి, హద్దు: ఒక్కో వాడకానికి అయ్యే ఖర్చు, అదే వ్యాసాన్ని విడిగా కొంటే అయ్యే ధరను దాటితే మానే జాబితాలోకి. రెండు, మినహాయింపులు: చందా మొదలై రెండేళ్లు నిండనివి, పదిమంది కన్నా తక్కువ పరిశోధకులున్న శాఖలకు ఏకైక ఆధారమైనవి. మూడు, హద్దు దాటినా ఉంచాలనుకుంటే కారణం మినిట్స్‌లో రాయాలి.

గత సమావేశంలోనే, ఏ జర్నల్ పేరూ లేకుండా, దీన్ని ఆమోదింపజేసుకోవడం మేలు. కుదరకపోతే జూలైలో వైస్ ఛాన్సలర్ లేదా కమిటీ అధ్యక్షుడి సంతకంతో నోట్‌గా తీసుకోండి.

అరుదైన స్థానిక సేకరణలకు ఈ నియమం వర్తించదని కూడా అందులోనే రాయండి. 1924లో మొదలైన 'భారతి' మాసపత్రిక పాత సంపుటాలను ఏడాదికి నలుగురే తీయొచ్చు. విడిగా కొనే ధర అంటూ దానికి లేదు. అలాంటప్పుడు పోల్చడానికేముంది?

5. నివేదికలు దించి శుభ్రం చేయండి

టీఆర్ జే1లో రెండు కొలమానాలు పక్కపక్కనే ఉంటాయి: మొత్తం ఐటమ్ రిక్వెస్టులు, విశిష్ట ఐటమ్ రిక్వెస్టులు. ఖర్చు లెక్కకు విశిష్టాన్నే వాడండి. ఒకే పాఠకుడు ఒకే సెషన్‌లో హెచ్‌టీఎంఎల్ తెరిచి, మళ్లీ పీడీఎఫ్ దించితే మొత్తంలో రెండుగా, విశిష్టంలో ఒకటిగా పడుతుంది. కొన్ని ప్లాట్‌ఫాంలు ముందు హెచ్‌టీఎంఎల్ తెరిచాకే పీడీఎఫ్ ఇస్తాయి. మొత్తం సంఖ్యతో పోలిస్తే అవి లేని గొప్ప తెచ్చుకుంటాయి. ఇన్వెస్టిగేషన్లు అనే సంఖ్య ఇంకా పెద్దది, సారాంశం చూసినా అందులో పడుతుంది. ప్రచురణకర్త ప్రతినిధి చూపించే గ్రాఫ్ ఏ కొలమానానిదో అడగండి.

ఇక ఎదురయ్యే చిక్కులు:

- కౌంటర్ ప్రమాణం విడుదల 5 లెక్కలు 2019 జనవరి వాడుకతో మొదలయ్యాయి, 5.1 అమలు 2025 జనవరి నుంచి. 2018 వరకున్న జేఆర్1 (పాత విడుదలలోని నివేదిక) సంఖ్యలను టీఆర్ జే1తో ఒకే గీత మీద వేయకండి. వాడుక పడిపోయినట్టు కనిపిస్తుంది. పడిపోయింది వాడుక కాదు, లెక్కించే పద్ధతి మారింది.
- అచ్చు ఐఎస్‌ఎస్‌ఎన్, ఆన్‌లైన్ ఐఎస్‌ఎస్‌ఎన్ వేరు. ఇన్‌వాయిస్‌లో ఒకటి, నివేదికలో ఇంకొకటి ఉంటే ఎక్సెల్‌లో రెండు పట్టికలను కలిపే వీలుకప్ ఏమీ తేదు, మీరు సున్నా అనుకుంటారు. రెండు నిలువు వరుసలూ పెట్టుకోండి. హైఫన్ లేకుండా వచ్చిన ఐఎస్‌ఎస్‌ఎన్ ముందు సున్నాలను ఎక్సెల్ మింగేస్తుంది, ఆ వరుసను టెక్స్ట్‌గా మార్చాకే అతికించండి.
- జర్నల్ ఏడాది మధ్యలో ప్రచురణకర్త మారితే వాడుక రెండు నివేదికల్లో చీలిపోతుంది.
- ఒక నెల మిగతా నెలల కన్నా ఐదారు రెట్లుంటే అది ఆసక్తి కాకపోవచ్చు. ఎవరో డౌన్‌లోడ్ మేనేజర్ పెట్టి సంపుటాలకు సంపుటాలు లాగి ఉంటారు. ఆ నెలను తీసేయకండి, గుర్తుపెట్టి, అది ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని రెండూ చూపండి.
- సున్నా కనిపిస్తే నమ్మకండి. ముందు ఐపీ జాబితా చూడండి. హాస్టల్ బ్లాకుకు కొత్త ఐపీలు వచ్చి, ప్రచురణకర్త దగ్గర పాతవే ఉంటే అక్కడి పాఠకులు మీ సంస్థ కింద లెక్కకే రారు.

అచ్చు జర్నళ్లకు కౌంటర్ లేదు. చదివినవాటిని బల్ల మీదే వదిలేయమని బోర్డు పెట్టి, మధ్యాహ్నం 12కు, సాయంత్రం 5కు పోగుచేసి స్కాన్ చేయండి. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి వాడుకను లోపలి వాడకంగా నమోదు చేసుకోవచ్చు. స్టాటిస్టికల్ తరహా సభ్యుడి ఖాతా ఒకటి సృష్టించి, దాని మీద ఇష్యూ కొడితే చాలు, పుస్తకం ఎవరికీ ఇచ్చినట్టు పడదు. ఏడాది పొడవునా కుదరకపోతే సెమిస్టర్ మధ్యలో రెండు వారాలు, పరీక్షల ముందు రెండు వారాలు చేయండి. సెలవుల్లో చేసిన లెక్కతో ఎవరికీ ఉపయోగం లేదు.

6. లెక్కకట్టండి, తర్వాత టీఆర్ జే4 తెరవండి

ఖర్చు అంటే ఇన్‌వాయిస్ మీది డాలర్లు కాదు, పన్నులు, బ్యాంకు చార్జీలతో కలిపి మన ఖాతాలోంచి పోయిన రూపాయలు.

ఒక జర్నల్‌కు ఏడాదికి 1,80,000 రూపాయలు కడుతున్నామనుకుందాం. విశిష్ట రిక్వెస్టులు 120. ఒక్కో వాడకానికి 1,500. వ్యాసం విడిగా కొంటే 3,000. హద్దు లోపలే ఉంది, ఉంచేయొచ్చు అనిపిస్తుంది.

ఇప్పుడు అదే జర్నల్ టీఆర్ జే4 చూడండి. అది వాడుకను వ్యాసం అచ్చైన సంవత్సరం వారీగా విడదీస్తుంది. 120లో 75 పాత సంవత్సరాల వ్యాసాలు. లైసెన్స్ ప్రకారం ఆ సంవత్సరాలు చందా మానినా మనవే. అంటే వచ్చే ఏడాది 1,80,000 కట్టి కొనేది 45 వాడకాలనే. ఒక్కోటి 4,000. ఆ 45 వ్యాసాలనూ విడిగా కొన్నా 1,35,000తో పోతుంది. ఇప్పుడిది మానే జాబితాలోకి వెళ్లింది.

పాత సంవత్సరాల మీద శాశ్వత హక్కు ఒప్పందంలో లేకపోతే ఈ తీసివేత చేయకూడదు, మొత్తం 120నే లెక్కలోకి తీసుకోవాలి. అందుకే లైసెన్స్ కాగితాలు దగ్గర పెట్టుకోమన్నది.

గణితం, తెలుగు, తత్వశాస్త్రం లాంటి శాఖలను కెమిస్ట్రీ పక్కన ఒకే పట్టికలో పెట్టకండి. గణితం వాళ్లు చాలావరకు ఉచిత ప్రీప్రింట్లు (జర్నల్‌లో రాకముందే రచయితలు ఆన్‌లైన్‌లో పెట్టే ప్రతులు) చదువుతారు, మానవీయ శాస్త్రాలవాళ్లు పుస్తకాలు చదువుతారు. ప్రతి శాఖలో పరిశోధకుల తలకు ఎన్ని అని చూడండి, ఒక శాఖ జర్నళ్లను ఆ శాఖలోనే పోల్చండి.

7. శాఖలను సరైన ప్రశ్న అడగండి

"ఈ జర్నల్ మీకు కావాలా?" అని అడిగితే వంద శాతం కావాలనే వస్తుంది. అది అడిగిన పద్ధతిలో లోపం. ఇలా అడగండి: "మీ శాఖ జాబితా విలువ 9 లక్షలు. 7 లక్షలే ఉంటే ఏవి ఉంచుతారు? వరుస సంఖ్యలు వేయండి." దాంతోపాటు వారి శాఖ సంఖ్యలు మాత్రమే పంపండి, పక్క శాఖవి వద్దు. పది రోజుల గడువు ఇవ్వండి. జవాబు రాకపోతే నియమం ప్రకారమే సాగుతుందని లేఖలోనే చెప్పండి.

పాఠకుల పేర్లు ఎక్కడా రాకూడదు. ప్రాక్సీ లాగ్‌ల (లైబ్రరీ లాగిన్ ద్వారా వచ్చినవారి నమోదు) నుంచి శాఖల వారీ లెక్క తీస్తే, ఐదుగురి కన్నా తక్కువున్న గడిలో "5 లోపు" అని మాత్రమే రాయండి. ఇద్దరే స్కాలర్లున్న శాఖలో "2" అని రాస్తే ఎవరేం చదివారో చెప్పేసినట్టే.

8. నోట్ ఒక్క పేజీ

కమిటీ సభ్యుడికి ఆ రోజు అజెండాలో మీది ఏడో అంశమో, ఎనిమిదోదో. ఒక్కో జర్నల్‌కు ఒక వరుస, చివర ఒక వాక్యం. ఇలా:

"ధర 1,80,000. వాడకాలు 120, అందులో మానినా మిగిలేవి 75. శాఖ ఇచ్చిన స్థానం 14లో 11. మానాలని సిఫారసు. కోల్పోయేది: కొత్త సంచికలు, ఏడాదికి సుమారు 45 వాడకాలు. ప్రత్యామ్నాయం: అడిగిన వ్యాసాన్ని రెండు పని దినాల్లో తెప్పించి ఇవ్వడం, ఇందుకు 60,000 కేటాయింపు."

"కోల్పోయేది" అన్న మాట దాచకండి. లాభం మాత్రమే చూపించే నోట్‌ను అనుభవమున్న ప్రొఫెసర్ ఒక్క ప్రశ్నతో పడగొడతారు. 60,000 ఎందుకు, 1,35,000 ఎందుకు కాదు అనీ అడుగుతారు. ఏడాదిలో ఇరవై వ్యాసాల దాకా అడుగుతారన్న అంచనా అది, మిగతావి రచయితల సొంత ప్రతుల రూపంలోనో, ఇతర లైబ్రరీల నుంచో దొరకొచ్చు. ఆ అంచనాను అంచనాగానే రాయండి.

నాక్ గుర్తింపు, ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం పోగేసిన పట్టికలను ఇక్కడ అతికించకండి. అవి సంస్థ ఎంత చేస్తోందో చూపడానికి తయారైనవి. ఏది మానాలో వాటిని అడిగితే చెప్పవు. రెండింటికీ వేర్వేరు ఫోల్డర్లు ఉంచండి.

9. సమావేశంలో

లెక్కకు ఎదురు నిర్ణయం జరగొచ్చు, తప్పేమీ లేదు. కొత్తగా చేరిన అధ్యాపకుడి ప్రాజెక్టు ఆ జర్నల్ మీదే ఆధారపడి ఉండొచ్చు, అది పాత అంకెల్లో కనిపించదు. కారణం మాత్రం మినిట్స్‌లో రావాలి. "చర్చించి రెన్యూ చేయాలని తీర్మానించారు" అన్న వాక్యంతో ఊరుకోకండి. "ఫలానా కారణంగా ఒక ఏడాదికి, వచ్చే సెప్టెంబర్‌లో మళ్లీ చూడాలి" అని రాయించండి. మినిట్స్ ముసాయిదా సాధారణంగా లైబ్రేరియనే రాస్తారు కాబట్టి ఇది మీ చేతిలోని పనే.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

అంకెలకు: టీఆర్ జే4లో అన్ని సంవత్సరాల మొత్తం అదే జర్నల్ టీఆర్ జే1 సంఖ్యతో సరిపోవాలి. సరిపోకపోతే రెండింటికీ నెలలు గానీ, కొలమానం గానీ వేర్వేరుగా ఎంచుకున్నారు. తర్వాత అవే ముడి ఫైళ్లు సహోద్యోగికి ఇచ్చి ఏవైనా మూడు జర్నళ్లు మళ్లీ కట్టించండి. వేరే జవాబు వస్తే మీ పద్ధతి కాగితం మీద లేదు, మీ తలలోనే ఉంది. ముడి ఫైళ్లను ఎప్పుడూ సవరించకండి, దించిన తేదీతో విడిగా ఉంచండి.

నిర్ణయానికి: మానేసిన ఆరు నెలలకు, అంటే జూలైలో, టీఆర్ జే2 తెరవండి. లైసెన్స్ లేక వెనక్కి వెళ్లిన ప్రయత్నాలు అందులో ఉంటాయి. గూగుల్ నుంచి ఊరికే వచ్చి తగిలినవీ అందులోనే కలుస్తాయి కాబట్టి ఆ సంఖ్య ఒక్కటే చూసి కంగారు పడకండి. తెప్పించి ఇవ్వమని వచ్చిన అభ్యర్థనలను పక్కన పెట్టి చూడండి. తిరస్కరణలు నలభై, అభ్యర్థనలు రెండు అయితే రెండు అర్థాలున్నాయి: ఎవరికీ అంత అవసరం లేదు, లేదా మీరు తెప్పించి ఇస్తారని ఎవరికీ తెలియదు. రెండోది కాదని తేలాకే మొదటిది నమ్మండి. శాఖ నోటీసు బోర్డు మీద ఆ ఫారం ఉందో లేదో ఒకసారి వెళ్లి చూసి రండి.

సంస్థకు: ఈ ఏడాది మినిట్స్ తీసి, వాడుక సంఖ్యో, రాసిన కారణమో ఉన్న నిర్ణయాలు ఎన్నో లెక్కపెట్టండి. పోయినేడు పద్నాలుగులో ఒకటి ఉండి, ఈ ఏడాది ఐదు ఉంటే పని నడుస్తోంది. ఒక్కటీ లేకపోతే డేటా ఇంకా పెంచకండి, రెండో అంచెకు వెళ్లి ఆ నోట్ ఫైళ్లు మళ్లీ తెరవండి.